గోడకి చెప్పిన పాఠాలు

ఆగస్టు 6

నా ప్రశ్నల పుట్టకి,

పిన్ని రాస్తున్న ఉత్తరం. ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. ఫోనులో నేను మాట్లాడుతుంటే నువ్వు "ఊఁ, ఊఁ" అంటూ అవతల కంప్యూటరు మీద టకటకా ఏదో కొడుతుంటావు. నాకు వినబడుతుందే పిల్లా! ఉత్తరమైతే చదివే కాసేపైనా చేతులు ఖాళీగా ఉంచుతావని ఆశ. నువ్వూ ఉత్తరమే రాయి.

కాలేజీలో చేరిపోయాను. మీ యూనివర్సిటీకి నువ్వు పనిచేసే చోటు తలైతే మా ఊళ్ళో కాలేజీ తోక, అయినా ఒంట్లో భాగమే కదా. మొదటిరోజు గదిలోకి అడుగు పెట్టగానే పిల్లలందరూ లేచి నిలబడ్డారు. నా వెనకాల ఎవరొస్తున్నారా అని తిరిగి చూశాను. ఎవరూ లేరు. టీచరుననుకున్నారు పాపం. వెళ్ళి రెండో బెంచీలో కూర్చుంటే ఒక్కొక్కళ్ళే కూర్చున్నారు. పక్కనున్న బెంచీ పిల్ల, "మీరు ఇన్‌స్పెక్షనుకొచ్చారా ఆంటీ?" అంది. "కాదమ్మా, లెక్కలు నేర్చుకోడానికొచ్చాను" అన్నాను. ఇంకా భయపడింది.

మెట్లు అవే. ముప్పై ఏళ్ళ పైమాట అయింది కదా, మధ్యలో మరీ అరిగి దొప్పల్లా అయ్యాయి. వాన పడితే వాటిలో నీళ్ళు నిలుస్తున్నాయి. వరండాలో అదే వాసన, సుద్దముక్కలదీ తడి గొడుగులదీ కలిసి. పై అంతస్తు చివరి కిటికీ దగ్గర నిలబడ్డాను. ఒకప్పుడు అక్కడే నిలబడి జడ విప్పుకుని ఆరబెట్టుకునేదాన్ని. ఇప్పుడు ఆరబెట్టుకోడానికి జుట్టేదీ!

మా లెక్కల మాస్టారు కుర్రాడు. ఏడాదికోసారి ఒప్పందం రాయించుకునే ఉద్యోగమట. పిల్లలు ఆయనకి గోడ మాస్టారని పేరు పెట్టారు. గంటసేపూ బోర్డు వైపు తిరిగి, బోర్డుకే చెప్తాడు. గోడకి చెవులుంటాయంటారు కదా, ఆ ధైర్యంతోనే చెప్తున్నట్టున్నాడు.

మీ బాబాయి బస్సు నడపడం మానేశాక ఇంట్లో నన్ను నడపడం మొదలెట్టాడు. కాలేజీకి టైమైందని ఆయనే హారను కొడతాడు.

వేళకి తిను.
నీ పిన్ని


ఆగస్టు 21

పిన్నీ,

నీ ఉత్తరం ఆఫీసులోనే విప్పాను. చేతులు ఖాళీగానే ఉంచాను, ఒట్టు. నిన్ను చూసి క్లాసంతా లేచి నిలబడిందన్న చోట గట్టిగా నవ్వేశాను. పక్క టేబులాయన తలెత్తి చూశాడు. మా విభాగంలో ఎవరూ నవ్వరు.

నీ చేతిరాత చూడగానే నువ్వు పనిచేసిన కళ్ళజోళ్ళ షాపు గుర్తొచ్చింది. బడి నుంచి తిన్నగా అక్కడికే వచ్చేదాన్ని కదా. కౌంటరు కింద కూర్చుని, అద్దాల్లేని ఫ్రేములన్నీ ఒకదాని మీద ఒకటి ముక్కుకి తగిలించుకుని హోంవర్కు చేసేదాన్ని. పైనుంచి నీ గొంతు వినబడుతుండేది. ఇప్పటికీ ఏదైనా కష్టమైన పని ముందేసుకుంటే ఆ కౌంటరు కింద కూర్చున్నట్టే ఉంటుంది.

నా ఉద్యోగమేంటో నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. ప్రతి టర్ము చివరా విద్యార్థులకి ఫారాలు పంపుతాం. టీచరు బాగా చెప్పారా, లైబ్రరీ బాగుందా, చదువు తృప్తిగా ఉందా అని అడుగుతాం. ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేస్తారు. అవి కూడి, భాగించి, ఎక్కడ చదువు బాగుందో ఎక్కడ బాగాలేదో మేం తేలుస్తాం. చిక్కేంటంటే, అంకెలొస్తాయి కానీ మాటలు రావు. మూడు వేసిన పిల్ల మూడెందుకు వేసిందో ఎవరికీ తెలీదు. మా డైరెక్టరు "విద్యార్థి గొంతేదీ?" అని రోజూ నా మీదే పడుతున్నాడు. నువ్విప్పుడు విద్యార్థివి కదా పిన్నీ, గొంతుకేం తక్కువ నీకు! క్లాసు గురించి వివరంగా రాయి. ఆ గోడ మాస్టారి గురించి మరీనూ.

ఒక్క మాట. నువ్వు కాలేజీలో చేరావని తెలిసిన రోజు నేను బాత్‌రూములోకెళ్ళి ఏడ్చాను. అమ్మ మంచాన పడితే చంటిపిల్లనైన నా కోసం నువ్వు చదువు మానుకున్నావని ఇంట్లో అందరూ అంటుంటే వింటూ పెరిగాను. ఇన్నాళ్ళకి నీది నీకు దక్కింది.

నీ
ప్రశ్నల పుట్ట


సెప్టెంబరు 12

నా ప్రశ్నల పుట్టకి,

అడిగావు కదా, ఇక కాచుకో.

నిన్న మాస్టారు బోర్డు మీద ఒక వంపు గీత గీశాడు. దాని మీద ఒక చుక్క పెట్టాడు. "ఈ చుక్క దగ్గర ఈ గీత ఎటు పోవాలనుకుంటోంది?" అని గోడని అడిగాడు. గోడ పలకలేదు. మేమూ పలకలేదు. "గీతలకి కోరికలుంటాయా ఆంటీ?" అని బెంచీ పిల్ల నా చెవిలో గొణిగింది. అప్పటికే వెనక రెండు వరసలూ వంగి వంగి తలుపు దాటి కాంటీనుకి చేరాయి. ఆయన తిరిగి చూస్తే కదా! చూసినా ఏమనడు. ఒకసారి నాకు దగ్గొస్తే మాత్రం ఉలిక్కిపడ్డాడు, గదిలో మనుషులున్నారా అన్నట్టు.

గొంతు సగం బోర్డు తాగేస్తుంది, సగం ఫ్యాను తినేస్తుంది. మాకు మిగిలేది సుద్దపొడి. ఆయనిచ్చిన లెక్క ఒకటి రెండ్రోజులు నన్ను నిద్రపోనివ్వలేదు. తిండి సహించలేదంటే నమ్ము. "ఈ వయసులో నీకెందుకే ఈ శిక్ష!" అన్నాడు మీ బాబాయి.

లైబ్రరీలో కార్డులుండే చిన్న చిన్న చెక్క సొరుగులు గుర్తున్నాయని చెప్పేదాన్ని కదా, అవి తీసేశారు. ఆ చోట కుండీ పెట్టారు. అందులో మొక్క ప్లాస్టిక్కుది. దాని ఆకుల మీది దుమ్ము మాత్రం నిజమైనదే.

మొన్న చదువుకునే గదిలో కూర్చుంటే మధ్యాహ్నపు ఎండ సరిగ్గా అప్పట్లాగే బల్ల మీద పడింది. పంతొమ్మిదేళ్ళప్పటి నా చెయ్యి ఆ ఎండలో కనబడుతుందేమోనని చూశాను. ఈ చెయ్యే కనబడింది. అయినా బాగుంది.

నీ పిన్ని


నవంబరు 8

పిన్నీ,

ఆలస్యానికి కోపగించుకోకు. రిపోర్టు పనిలో తల మునకలయ్యాను. ఇవాళే ఊపిరి పీల్చుకున్నాను.

శుభవార్త. నీ గొంతు వినబడింది! అన్ని క్యాంపసుల్లోనూ అడుగున వచ్చింది మీ లెక్కల క్లాసే. అంకెలు అదే చెప్పాయి. వాటి పక్కన నీ మాటలు పెట్టాను, పేరు లేకుండా, "ఒక విద్యార్థిని" అని మాత్రమే. గోడకి చెవులుంటాయన్న ధైర్యం, రెండ్రోజులు నిద్ర లేకపోవడం, తిండి సహించకపోవడం, అన్నీ. డైరెక్టరు మీటింగులో చదివి వినిపిస్తే మా విభాగం మొదటిసారి నవ్వింది. తర్వాత అందరూ గంభీరంగా అయిపోయారు. చదువు పేరుతో విద్యార్థుల్ని ఇంత హింస పెడతామా అన్నారు. వచ్చే ఏడాదికి ఆయన ఒప్పందం పొడిగించకూడదని తీర్మానించారు. వచ్చే ఏప్రిల్ దాకానే ఉంటాడు.

ఇకనైనా హాయిగా నిద్రపో పిన్నీ. చిన్నప్పుడు నా కోసం నువ్వు బడికొచ్చి ఎంతమందితో పోట్లాడావో! ఇన్నాళ్ళకి నీ కోసం నేను ఒక్కసారి పోట్లాడానని తృప్తిగా ఉంది.

నీ
ప్రశ్నల పుట్ట


నవంబరు 15

అమ్మాయీ,

నేను నీకు రాశాను. మీ మీటింగుకి రాయలేదు.

మనవాళ్ళని మనం వంద అంటాం. ఆ వందా తీసుకెళ్ళి నడివీధిలో ఎవరైనా మైకు పెట్టి చదువుతారా? మీ బాబాయిని నేను రోజూ అనే మాటలు ఎవరైనా రాసుకెళ్తే పాపం ఆయన్నీ తీసేస్తారు.

నిద్ర పట్టలేదని రాస్తే బాధపడ్డాననుకున్నావా? నువ్వు చంటిపిల్లవై ఏడిస్తే మేలుకున్నాను. మీ బాబాయి రాత్రి బస్సు ఆలస్యమైతే మేలుకున్నాను. నా కోసం నేను మేలుకున్నది ఆ రెండ్రోజులే. మూడోనాటి పొద్దున పాలు పొయ్యి మీద పెట్టి నిలబడ్డానా, ఆ గీత ఎటు పోవాలనుకుంటోందో ఉన్నట్టుండి తెలిసింది! పాలు పొంగిపోయాయి. పోతే పోయాయి. అది రాయకపోవడం నా తప్పే. నవ్వించే ముక్కలు రాసి, అసలు ముక్క మింగేశాను.

ఇంకో అబద్ధం కూడా ఈరోజుతో తెగిపోనీ. నీ కోసం నేను చదువు మానలేదు.

అప్పుడు మాకు లెక్కలు చెప్పినాయన ముఖం ఎప్పుడూ మా వైపే. గొంతు కంచులా మోగేది. జోకులతో క్లాసంతా ఊగిపోయేది. మీ ఫారం అప్పుడుంటే ఆయనకి అన్నీ ఐదులే. నేనూ ఐదే వేసేదాన్ని. కానీ నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అందరూ నవ్వుతుంటే నేనూ నవ్వేదాన్ని. అర్థం కాలేదని చెప్తే ఆ నవ్వంతా ఆగిపోతుందేమోనని భయం. తప్పు నా బుర్రదే అనుకున్నాను. సెలవులకి ఇంటికొచ్చేసరికి అక్క మంచం మీద, నువ్వు ఉయ్యాల్లో. "నేనుండి పిల్లని చూసుకుంటా" అన్నాను. అందరూ కళ్ళు తుడుచుకున్నారు. నాకు మాత్రం పరీక్ష గండం గడిచిందని ప్రాణం లేచొచ్చింది. నువ్వు నాకు బరువెందుకవుతావే? చక్కటి సాకువి నువ్వు.

ఇప్పుడు ఆ కుర్రాడి దగ్గర, ఆ గొణుగుడులోనే, మొదటిసారి లెక్క అర్థమైంది. ఆయన్నేమో నా నోటితోనే పంపించేశావు.

పిన్ని


డిసెంబరు 3

పిన్నీ,

నీ ఉత్తరం మడిచి పెట్టాను, మళ్ళీ విప్పాను. "అమ్మాయీ" అని నువ్వు నన్నెప్పుడూ పిలవలేదు.

నిన్ను అడక్కుండా నీ మాటలు వాడాను. తప్పే. దానికి వంకలు చెప్పను.

కానీ పిన్నీ, అంకెలు నేను పుట్టించినవి కావు. మీ క్లాసులో సగంమంది "పాఠం వినబడుతోందా?" అన్న చోట ఒకటే వేశారు. వాళ్ళు అబద్ధమాడలేదు. నువ్వు రెండో బెంచీలో కూర్చుని, పాలు పొంగే దాకా ఆలోచించగలవు. వెనక వరస పిల్లలు కాంటీనుకి పోయింది పొగరుతో అయ్యుండకపోవచ్చు. నీ పాత మాస్టారి క్లాసులో నువ్వు నవ్వుతూ కూర్చున్నట్టే, వీళ్ళు కాంటీనులో కూర్చున్నారేమో. వాళ్ళ తరఫున ఆ కోపం నాకు రానివ్వు.

తర్వాత ఇంకో పని చేశాను. ముందే చెయ్యాల్సింది. కళ్ళజోళ్ళ షాపులో నువ్వు "బాగుందా?" అని అడిగేదానివి కాదు. అడిగితే అద్దంలో ముఖం చూసుకుని అందరూ బాగుందనే అంటారు. చిన్నక్షరాల అట్ట చేతికిచ్చి "ఇది చదవండి" అనేదానివి. మేం ఇన్నాళ్ళూ ముఖం చూసుకోమనే అడుగుతున్నాం. చదివించి చూడలేదు. అందుకని గోడ మాస్టారి దగ్గర మొన్నటేడు చదివిన పిల్లలు ఆ పై ఏడాది లెక్కల్లో ఏం చేశారో పాత మార్కులు తీసి చూశాను. క్లాసులో ఆఖరి దాకా నిలిచినవాళ్ళు మిగతా క్యాంపసులన్నిటికన్నా బాగా చేశారు. మధ్యలో మానేసినవాళ్ళు చాలామంది లెక్కలే వదిలేశారు. అంటే నువ్వన్నదీ నిజం, వాళ్ళన్నదీ నిజం.

ఇదంతా పట్టుకుని డైరెక్టరు గదికి వెళ్ళాను. "తీర్మానమైపోయింది. వచ్చే టర్ము మార్కులు చూసి అప్పుడు మాట్లాడదాం" అన్నాడు. అంతకన్నా నా వల్ల కాలేదు.

ఒకటి అడగనా? వినబడట్లేదని ఆయనకి ఎవరైనా చెప్పారా? మాకు చెప్పారు. నువ్వు నాకు చెప్పావు. ఆయనకి?

ఉయ్యాల ముక్క చదివి నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళూ నీ డిగ్రీ నా నెత్తిన పెట్టుకుని తిరిగాను పిన్నీ. పరీక్షల్లో ఫస్టు వచ్చినప్పుడల్లా నీకు బాకీ తీరుస్తున్నాననుకున్నాను. సాకునని ముందే చెప్పుంటే కాస్త ఆడుకునేదాన్ని కదా!

నీ
(ఏమని పిలుస్తావో నువ్వే రాసుకో)


జనవరి 19

నా ప్రశ్నల పుట్టకి,

ఆ పేరే ఉంచుకో. అంతకన్నా నీకు నప్పేది దొరకలేదు.

నీ ప్రశ్న ముల్లులా దిగింది. బెంచీ పిల్లని అడిగాను, ఆయనకి ఎవరైనా చెప్పారా అని. "ఆయనకెలా చెప్తాం ఆంటీ? ఫారంలో రాశాం కదా" అంది. టర్ము అయిపోయాక రాస్తే, విన్నా ఆ మేలు ఈ పిల్లలకి కాదు కదా. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చాం.

సెలవుల తర్వాత మొదటిరోజే వరండాలో పట్టుకున్నాను.

"మాస్టారూ, మీరు చెప్పేది వెనక వాళ్ళకి వినబడట్లేదండీ."

ఆయన చేతిలో సుద్దముక్కలు జేబులో వేసుకున్నాడు, మళ్ళీ తీశాడు. "మూడేళ్ళయిందండీ నేనొచ్చి. ఒక్కరూ చెప్పలేదు. వెళ్ళిపోతున్నారంటే పాఠం తెలిసిపోయి వెళ్తున్నారేమో అనుకున్నాను."

"తెలిసిపోవడమా! గదిలో కుర్చీలకి కూడా తెలియట్లేదు."

నవ్వాడు. తర్వాత నేల చూస్తూ, "ముఖాలు చూస్తే మాట తడబడుతుందండీ. లెక్క మర్చిపోతాను. బోర్డు చూస్తే భయం ఉండదు" అన్నాడు.

అప్పుడు చెప్పేశాను. "రిపోర్టులో ఆ గోడ చెవుల మాట నాదే. మా అక్క కూతురికి నవ్వులాటకి రాశాను. ఇంత దూరం పోతుందనుకోలేదు. క్షమించండి."

"దాని కాపీ నాకూ పంపారండీ. మిగతావన్నీ అంకెలు. అదొక్కటే ఎవరో మనిషి రాసినట్టుంది" అన్నాడు.

బెంచీ పిల్లే ఉపాయం చెప్పింది. మా ముఖాలు చూడక్కర్లేదు, గది చివర కిటికీ ఉంది కదా, దాన్ని చూసి చెప్పమంది. మొదటి వారం ఆయన కిటికీకేసి చూస్తూ అరిచినట్టే చెప్పాడు. బయట వెళ్ళేవాళ్ళు ఆగి లోపలికి చూశారు. వారం వారం ఆఖరి పది నిమిషాలు "ఇవాళ ఎక్కడ తప్పిపోయారు?" అని అడుగుతున్నాడు. మొదట్లో ఎవరూ పలకలేదు. నేను చెయ్యెత్తి, "మొదటి లైన్లోనే" అన్నాను. అందరూ నవ్వారు. ఆ తర్వాత వెనక వరసలోంచి ఒకడు "నేను రెండో లైన్లో" అన్నాడు. ఆ కాంటీను మందలోవాడే!

నువ్వు కోప్పడ్డ చోట నీదే న్యాయం. నా వయసులో ఒప్పుకోవడానికి కాస్త టైము పడుతుంది, అంతే.

నీ పిన్ని


ఏప్రిల్ 10

పిన్నీ,

మంచి ముందు చెప్తాను. ఈసారి ఫారాలు మార్చిలోనే పంపాం. మీ లెక్కల క్లాసు అడుగు నుంచి మధ్యకి వచ్చింది. ఐదులు రాలేదు. కొందరు పాఠం ఇంకా కష్టంగానే ఉందన్నారు. కానీ టర్ము మధ్యలో మానేసినవాళ్ళు ఈసారి దాదాపు లేరు. వచ్చే ఏడాది నుంచి అన్ని క్యాంపసుల్లోనూ నాలుగో వారంలోనే ప్రతి టీచరూ పిల్లల్ని కూర్చోబెట్టి ఏది అర్థమవుతోంది, ఏది కావట్లేదు అని అడగాలని నిబంధన తెచ్చాం. ఆ మాటలు మా ఆఫీసుకి రావు. ఆ గదిలోనే ఉంటాయి. ఆ ఒక్క షరతు నేను పట్టుబట్టి పెట్టించాను. ఎందుకో నీకు తెలుసు.

రెండోది. మాస్టారి చోట్లోకి వేరే ఆవిడని డిసెంబరులోనే తీసేసుకున్నారట. డైరెక్టరు నాకు చెప్పనేలేదు. పాత మార్కులు, కొత్త మార్కులు అన్నీ ఆయన టేబుల్ మీద పెట్టి అరిచినంత పని చేశాను. "మంచి పని చేశావు, వచ్చేవాళ్ళకి ఉపయోగపడుతుంది" అన్నాడు. వెళ్ళేవాళ్ళకో?

మాస్టారికి ఉత్తరం రాసి జరిగిందంతా చెప్పాను. వేరే ఊళ్ళో చిన్న కాలేజీలో పని దొరికిందని జవాబిచ్చాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

నేను ఓడిపోయాను పిన్నీ.

నీ
ప్రశ్నల పుట్ట


ఏప్రిల్ 24

నా ప్రశ్నల పుట్టకి,

ఓడిపోయానన్నావు. నిజమే, ఆయన విషయంలో మనిద్దరం ఓడిపోయాం. తీపి మాటలు చెప్పి నిన్ను ఊరడించను. కానీ నిన్నటి సంగతి విను.

నిన్న ఆయన ఆఖరి క్లాసు. వెనక వరసలు నిండాయి. కిటికీని చూడటం ఎప్పుడు మానేశాడో మాకు తెలియనే లేదు. గంటసేపూ మా ముఖాలు చూసే చెప్పాడు. రెండుసార్లు తడబడ్డాడు. తడబడ్డప్పుడల్లా మేం ఆగాం. గంట కొట్టాక కూడా ఎవరూ లేవలేదు. ఆయన బోర్డు తుడిచి, ఒక కొత్త లెక్క రాశాడు. "దీనికి జవాబు నాకూ ఇంకా దొరకలేదు. మీకు దొరికితే రాయండి" అని అడ్రసు కింద రాసి, సంచీ భుజాన వేసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, తలూపి వెళ్ళిపోయాడు. దొప్పలు పడ్డ ఆ మెట్ల మీద ఆయన అడుగుల చప్పుడు కింది దాకా విన్నాం.

నేనూ, బెంచీ పిల్లా, కాంటీను కుర్రాడూ అక్కడే ఉండిపోయాం. అతను బోర్డు సగంలో మొదలెట్టాడు, మేం మిగతా సగంలో. చేతులన్నీ సుద్దే. అతను ఒక దారిలో పోతే బెంచీ పిల్ల అడ్డం పడుతుంది, ఆ పిల్ల ఇంకో దారి పడితే నేను. ఎండ బల్లల మీంచి గోడ మీదికి ఎక్కింది. ఊడ్చేవాళ్ళొచ్చి మమ్మల్ని చూసి, పక్క గది ముందు చేసుకుంటామని వెళ్ళిపోయారు. నాకు పంతొమ్మిదేళ్ళో, ఎన్నో, ఆ క్షణంలో అడిగితే చెప్పలేకపోయేదాన్ని.

అంతలో మీ బాబాయి ఫోను.

"ఏంటే, పొద్దుపోతోంది. ఇంకా రాలేదా?"

"ఇంకా రాలేదు" అన్నాను.

"బస్సా?"

"కాదు. లెక్క."

నీ పిన్ని